తల లెక్కలో ఉన్నాం, పేరు లెక్కలో లేం

మా ముత్తాత ఊరికి వెట్టి చేశాడు. చేసినందుకు ఎకరం పైచిలుకు మాన్యం ఉండేదని మా నాయన పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామని పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరు నకలు తీయించాను. మాట నిజమే. సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, పేరు గడిలో "మాల పోలిగాడు" అని ఉంది. అంతే. ఇంటిపేరు లేదు. తండ్రి పేరు లేదు. అదే పేజీలో పై వరుసల్లో ఉన్న ఆసాములకి ఇంటిపేర్లున్నాయి, పేరు చివర గౌరవాలున్నాయి.

మా చర్చి పుస్తకంలో ఆయన పేరు పౌలు. మా తాత రాసిచ్చిన పాత ప్రోనోటు మీద "పోలయ్య కుమారుడు" అని ఉంది. మూడు కాయితాలూ తీసుకుపోయి ఆఫీసులో బల్లమీద పెట్టాను. గుమాస్తా మూడూ చూసి ఒక్కటే అడిగాడు: "పోలిగాడు, పోలయ్య, పౌలు... ముగ్గురూ ఒకడేనని రుజువేంటండీ?"

నాకు తెలుసు. మా వాడలో ప్రతి ముసలమ్మకీ తెలుసు. కాయితానికి తెలీదు. ఆ మాన్యం సంగతి ఇవాళ్టికీ తేలలేదు. కానీ ఆ గుమాస్తా అడిగిన ప్రశ్న పట్టుకుని రెండేళ్ళు తిరిగితే నాకు అర్థమైంది ఏమిటంటే, ఇది మా ఒక్క ఇంటి ప్రశ్న కాదు. మన వాడల్లో ప్రతి కుటుంబం మీదా ఏదో ఒక రోజు పడే ప్రశ్న. అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను.

జనాభా లెక్కల్లో మన తాతలు ఎందుకు దొరకరు?

"పాత సెన్సస్‌లో చూసుకోవచ్చుగా, ఇంగ్లీషోడు అన్నీ రాసిపెట్టాడు" అని చదువుకున్నాయన ఒకాయన నాకు సలహా ఇచ్చాడు. చాలామంది ఇట్లాగే అనుకుంటున్నారు. నిజమేమిటో తెలుసుకోవాలి.

మద్రాసు రాష్ట్రంలో 1871లో జనాభా లెక్కలు తీశారు. దేశమంతా ఒకే రోజున లెక్క తీసింది 1881లో. అప్పట్నుంచి 2011 దాకా పదేళ్ళకోసారి లెక్క పెడుతూనే వచ్చారు. ఎన్యూమరేటరు ఇంటింటికీ వచ్చి పేరు, వయసు, కులం, పని అన్నీ రాసుకున్న మాట నిజమే. కానీ ఆ రాసిన పట్టీల్ని దాచలేదు. లెక్క కూడేశారు, మొత్తాలు అచ్చేశారు, పట్టీలు పోయినయ్. ఇప్పుడు లైబ్రరీలో దొరికే లావుపాటి పుస్తకాల్లో ఫలానా జిల్లాలో మాలలు ఇంతమంది, మాదిగలు ఇంతమంది అని ఉంటుంది. అందులో మీ తాత ఒక అంకె. పేరు లేదు.

స్వతంత్రం వచ్చాక 1948లో జనాభా లెక్కల చట్టం చేశారు. ఆ చట్టం 15వ సెక్షను ప్రకారం, లెక్కల వాళ్ళు రాసుకున్న పుస్తకాన్ని చూసే హక్కు ఎవరికీ లేదు. దాన్ని సివిల్ కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికీ వీల్లేదు. మనుషుల గుట్టు బయటపడకూడదని ఆ సెక్షను పెట్టారు, అది మంచిదే. ఫలితం మాత్రం ఏమిటంటే, పదేళ్ళకోసారి మన గడపలో నిలబడి రాసుకుపోయిన మన పేరు మనకి తిరిగి రాదు.

భూములున్నోళ్ళకి దీనివల్ల పోయేదేం లేదు. వాళ్ళకి దస్తావేజులున్నాయి, శిలాశాసనాలున్నాయి, గోత్రాలతో సహా చదివే పురోహితుడున్నాడు. పేర్లు పోయింది మనకి.

మారింది మనం కాదు, మన మీద అట్ట

జనాభా లెక్కల పుస్తకాల్లో ఇంకో తమాషా ఉంది. మనిషి అదే, వాడ అదే, పేరు మాత్రం లెక్కకీ లెక్కకీ మారుతుంది. 1871 మద్రాసు లెక్కల్లో హిందువుల్ని 17 గుంపులుగా చీల్చారు. వాటికి పెట్టినవి చాలావరకు అరవ పేర్లు. మన జిల్లాల మాలలు "పరయ" అనే శీర్షిక కిందికి పోయారు. తర్వాత లెక్కల్లో మాల, మాదిగ అని విడిగా వచ్చారు.

1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ళు సభ పెట్టుకుని, పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని చాటారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరు ఒప్పుకుంది. నైజాంలో 1931 లెక్కల్లో ఆది హిందువు అని రాయించుకున్నారు. ఆ పేరు పెట్టుకోవడం పోరాటం. దాన్ని తక్కువ చెయ్యడానికి లేదు. కానీ తాతల జాడ వెతికేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆది ఆంధ్ర అన్న గడిలో మాలలూ ఉన్నారు, మాదిగలూ ఉన్నారు. 1930ల నాటి బడి రిజిస్టర్లో "ఆ.ఆం." అని కనపడితే అది ఏ వాడో ఆ కాయితం చెప్పదు. వాడే చెప్పాలి.

అంతదాకా ఎందుకు, భాగ్యరెడ్డి వర్మ గారినే తీసుకోండి. 1888లో పుట్టినప్పుడు ఆయన మాదరి భాగయ్య. మాదరి అని వెతికితే ఒక మనిషి, వర్మ అని వెతికితే ఇంకో మనిషి. తెలియనోడు ఇద్దరనుకుంటాడు.

1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఇంకో గీత గీసింది. హిందువైతేనే షెడ్యూల్డు కులం అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని ఇవాళ్టికీ చేర్చలేదు. దాంతో మన ఇళ్ళల్లో ప్రతి మనిషికీ రెండు పేర్లు వచ్చినయ్. గుడిసెలో యేసుదాసు, బడిలో వెంకటేశ్వర్లు. అన్న ఎస్సీ, తమ్ముడు బీసీ-సీ. ఒకే తల్లి బిడ్డల పేర్లు రెండు జాబితాల్లో ఉన్నాక, రేపు మనవడు వాళ్ళిద్దరూ అన్నదమ్ములని ఎట్లా కనుక్కుంటాడు?

అక్షరం మారితే మనిషి మారతాడా?

ఇక ఇంటిపేరు రాత సంగతి. మాది యఱ్ఱ వారి ఇల్లు. చర్చి పుస్తకంలో బండి ఱ తోటి "యఱ్ఱ" అని ఉంది. బడిలో మేష్టారు "యర్రా" అని రాశాడు. ఆధార్ వాళ్ళు ఇంగ్లీషులో కొట్టి, అది మళ్ళీ తెలుగులోకి దిగేసరికి "ఎర్ర" అయింది. ఒకటే ఇల్లు, మూడు రాతలు.

ఇది తప్పు రాయడం వల్ల వచ్చింది మాత్రమే కాదు. మన నోటి పలుకే అట్లా ఉంటుంది. ఎ అన్నా యె అన్నా య అన్నా మనకి ఒకటే. ఒంగోలు అన్నా వొంగోలు అన్నా ఊరు ఒకటే. ఇంగ్లీషులోకి పోతే ఇంకా చిక్కు. వాళ్ళకి ద, డ రెండింటికీ ఒకే అక్షరం. ట, త కూడా అంతే. ల, ళ కూడా అంతే. అందుకని గద్దల వారు ఇంగ్లీషులోకి పోయి తిరిగొచ్చేటప్పుడు గడ్డల వారై వస్తారు. కోట వారు కోత వారవుతారు. నక్కా, నక్క అయిపోతాడు. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వేళ్ళూనుకోవడానికి మూలమైన మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య. ఆయన పేరు మిషను వాళ్ళ ఇంగ్లీషు పుస్తకాల్లో చదివి తెలుగులో రాసేవాడు "పెరియా" అని రాస్తాడు. పేరయ్య మనవళ్ళు పెరియా అన్న పేరు చూసి మా తాత కాదనుకుని పేజీ తిప్పేస్తారు.

ఇంతెందుకు, మన గోడల మీద మనమే ఒకచోట "అంబేద్కర్" అని, ఒకచోట "అంబేడ్కర్" అని రాస్తాం. బాబాసాహెబ్ ఇద్దరా? ఏ ఆఫీసరైనా అట్లా అడగ్గలడా? బాబాసాహెబ్ నాయన రాంజీ సక్పాల్. అంబేడ్కర్ అన్న పేరు అంబడవే అనే ఊరిపేరు మీద నుంచి వచ్చింది. ఆ మహానుభావుడి ఇంట్లోనే తండ్రి పేరు ఒకటి, కొడుకు పేరు ఒకటి అయినప్పుడు మన ఇళ్ళల్లో అవడం వింత కాదు.

అంచేత పాత కాయితాల్లో కంటితో వెతక్కూడదు, చెవితో వెతకాలి. పైకి చదవాలి. పలుకు కలిస్తే ఆగాలి. ఆ పైన ఊరు కలిసిందా, వయసు కలిసిందా, పక్క వరుసలో ఉన్నోళ్ళు మన చుట్టాలేనా అని చూడాలి. ఒక్క అక్షరం తేడా వచ్చిందని వదలకూడదు. అలాగే ఒక్క అక్షరం కలిసిందని మనోడే అనీ అనకూడదు. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది.

ఈ పని లోకంలో మనమే మొదలుపెట్టడం లేదు. "ఏడు తరాలు" చదివినోళ్ళకి తెలుసు, అమెరికాలో నల్లవాళ్ళు తమ మూలాల కోసం ఎంత తవ్వుకున్నారో. అక్కడ 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకి వేరే పట్టీ పెట్టారు. యజమాని పేరు ఉంటుంది, దాని కింద బానిస వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేరు ఉండదు. బానిసత్వం రద్దయ్యాక 1870 లెక్కల్లోనే వాళ్ళందరికీ పేరూ ఇంటిపేరూ రాశారు. అందుకని చాలా కుటుంబాల జాడ 1870 గోడ దగ్గర ఆగిపోతుంది. కానీ అక్కడ పట్టీలు దాచారు, 72 ఏళ్ళు నిండాక జనానికి చూపిస్తారు. 1950 నాటివి 2022లో తెరిచారు. ఇంకో సంగతి. 1930ల్లో అమెరికా ప్రభుత్వమే పాత లెక్కల్లోని పేర్లకి సౌండెక్స్ అనే పద్ధతిలో సూచిక తయారుచేయించింది. ఆ సూచిక అక్షరాన్ని బట్టి ఉండదు, పలుకును బట్టి ఉంటుంది. తెల్లోడి సర్కారే "రాత మారితే మనిషి మారడు" అని ఒప్పుకుంది. మన మండలాఫీసు ఒప్పుకోదా?

పేర్లు ఎక్కడున్నాయి?

సెన్సస్‌లో లేవు కదా అని చేతులు ముడుచుకోనక్కర్లేదు. మన పేర్లు వేరే చోట్ల ఉన్నాయి. ఎక్కడెక్కడంటే, మన చేత పని చేయించుకున్న చోటల్లా.

మొదటిది మాన్యాల లెక్క. 1858 తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి ఇనాం రిజిస్టర్లు రాసింది. మొదట ఇనాం పొందిందెవరు, అప్పుడు అనుభవిస్తున్నదెవరు, వయసెంత అని అందులో ఉంటుంది. వెట్టి, తలారి పనులు చేసిన మనోళ్ళ పేర్లు వాటిల్లో దొరుకుతాయి. తర్వాత రీసెటిల్‌మెంటు రిజిస్టర్లు, అడంగళ్ళు. తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ. 1984లో కరణాల్ని, పటేల్ పట్వారీల్ని తీసేసినప్పుడు కొన్ని ఊళ్ళ పుస్తకాలు చేతులు మారి మాయమయ్యాయి. ఉన్నవాటిని సమాచార హక్కు చట్టం 2005 కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖ కిందున్నోళ్ళకి ఫీజు లేదు.

రెండోది చర్చి పుస్తకాలు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు రోజులవి. ఎక్కువమంది మాదిగలు. బాప్టిస్టులు పెద్దవాళ్ళకే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి ఆ పుస్తకాల్లో ఆ మనిషి పేరే ఉంటుంది. గుంటూరు వైపు లూథరన్లు పసిబిడ్డలకీ ఇస్తారు, కాబట్టి తల్లిదండ్రుల పేర్లు కూడా దొరుకుతాయి. మన ఆడవాళ్ళ పేరు సొంతంగా రాసిన మొదటి పుస్తకం చాలా ఊళ్ళల్లో ఇదే. చెదలు పట్టకముందే ఫోటోలు తీసుకోండి. మీరు ఏ మతంలో ఉన్నా సరే, అది మీ తాతల పుస్తకం.

మూడోది ఓడ లెక్క. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీల్ని తీసుకుని దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరింది. 1911 దాకా అట్లా నటాల్‌కి 1,52,000 మందికి పైగా పోయారు. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు లాంటి జిల్లాల తెలుగోళ్ళు అందులో ఎందరో. ఓడ ఎక్కేటప్పుడు ప్రతి కూలీకీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చ కూడా రాశారు. పారిపోతే పట్టుకోవడానికి. ఆ చిట్టాలు ఇవాళ్టికీ ఉన్నాయి. మారిషస్ పోయినవాళ్ళవి అక్కడ మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. చిత్రం చూడండి. ఊళ్ళో ఉండిపోయిన అన్న "ఫలానా గాడు" గానే చచ్చిపోయాడు. సముద్రం దాటి బానిస బతుకు బతికిన తమ్ముడికి తండ్రి పేరుతో సహా కాయితం మిగిలింది. అయితే అక్కడా రాత మారింది. మన నాయుడు అక్కడ నాయిడూ, అప్పలస్వామి అప్పల్‌సామి. తాత పేరే ఇంటిపేరై కూర్చుంది. వాళ్ళ మునిమనవళ్ళు ఇక్కడికొచ్చి ఊరు వెతుక్కుంటున్నారు. వాళ్ళొస్తే చెప్పడానికి మన దగ్గర ఏముంది?

నాలుగోది కాయితం కాదు, నోరు. మాదిగలకి డక్కలోళ్ళున్నారు. పటం విప్పి జాంబవ పురాణం చెప్పి, ఇంటిపేర్లూ గోత్రాలూ ఏకరువు పెట్టేవాళ్ళు. కులంలో కులం పెట్టి వాళ్ళని మనమే దూరంగా కూర్చోబెట్టాం. మన చరిత్ర మోసినోళ్ళని మనమే గడప అవతల ఉంచాం. ఈ తప్పు మనం ఒప్పుకోవాలి. ఇంకా, ప్రతి వాడలోనూ పెళ్ళి సంబంధాలు చూసే ఒక ముసలమ్మ ఉంటుంది. ఏ ఇంటిపేరు వాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరికెవరు వరసో ఆమెకి తెలిసినంత ఏ కలెక్టరాఫీసుకీ తెలీదు. ఆమె పోతే ఒక రికార్డు రూము తగలబడినట్టే.

ఇప్పుడెందుకు ఈ గొడవ?

ఇదంతా తీరిక ఉన్నోళ్ళ సరదా అని కొందరు అనొచ్చు. కాదు. 1993 కులధ్రువీకరణ చట్టం, కులాన్ని నిరూపించుకునే భారం మన నెత్తినే పెట్టింది. తాత ఒక రాత, తండ్రి ఒక రాత, బిడ్డ ఒక రాత ఉంటే సీటు దగ్గరో ఉద్యోగం దగ్గరో ఆపుతారు. అట్లా ఆపినప్పుడు నోటిమాటతో వెనక్కి రాకండి. కారణం కాయితం మీద రాసివ్వమనండి. పై అధికారికి అప్పీలు చేసుకునే దారి ఆ చట్టంలోనే ఉంది.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీల్ని మూడు గ్రూపులు చేశారు. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. కానీ ఏ తాత మాల అని రాయించుకున్నాడు, ఏ తాత ఆది ఆంధ్ర అని రాయించుకున్నాడన్న ప్రశ్న ఇప్పుడు మనవడి ఉద్యోగం దాకా వచ్చింది. మన మధ్య తగువు పెట్టడానికి ఈ అట్టల గందరగోళం చాలు. ఎవరి జాడ వాళ్ళకి తెలిస్తే తగువు తగ్గుతుంది.

ఇంకోటి. వచ్చే జనాభా లెక్కల్లో అందరి కులమూ రాస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న చెప్పింది. 2027 మార్చి 1 ప్రాతిపదికగా లెక్కలు తీస్తామని ఆ జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. 1931 తర్వాత ఇంత లెక్క జరగలేదు. మన ఇంటి సంగతి మనకే స్పష్టంగా తెలియకపోతే ఎన్యూమరేటరు తోచింది రాసుకుపోతాడు. స్పష్టంగా చెప్పినా, 15వ సెక్షను అట్లాగే ఉంది. మన పేరు మన మనవళ్ళకి దొరకదు. కాబట్టి సర్కారు లెక్క సర్కారుది, మన లెక్క మనం రాసుకోవాలి.

ఏం చెయ్యాలంటే, ప్రతి వాడలో సంఘం తరపున ఒక లావుపాటి నోటుపుస్తకం కొనండి. ఇంటికి రెండు పేజీలు. తాత ముత్తాతల పేర్లు, గాడు అని పిలిచిన పేరు, చర్చి పేరు, బడి పేరు అన్నీ రాయండి. ఇంటిపేరు ఎన్ని రకాలుగా కాయితాలకెక్కిందో అన్ని రకాలూ రాయండి. ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ కరువుకి వచ్చారు, ఎవరి దగ్గర జీతమున్నారు, ఏ మాన్యం పోయింది. ముఖ్యంగా అమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు. పట్టాదారు పుస్తకాల్లో మన ఆడవాళ్ళు "ఫలానా వాని భార్య" గానే ఉన్నారు. మన పుస్తకంలో కూడా అట్లాగే రాస్తే కరణానికీ మనకీ తేడా ఏముంది? పదో తరగతి చదివే ఆడపిల్ల చేతికి పెన్ను ఇవ్వండి, ముసలాళ్ళ ముందు కూర్చోబెట్టండి. చెప్పినవాళ్ళ పేరు, తేదీ వేసి వేలిముద్ర తీసుకోండి. రెండు నకళ్ళు చేయించి వేరు వేరు ఇళ్ళల్లో దాచండి.

ఒక్క హెచ్చరిక. తవ్వుకుంటూ పోతే ఎక్కడో రాజులు దొరకాలని ఆశపడొద్దు. మేమూ క్షత్రియులమే అని చెప్పుకోవడానికి ఈ పని చెయ్యొద్దు. అది అవతలోడి కొలబద్ద. చెరువు తవ్విన చేతులు, తోలు కుట్టిన చేతులు, మగ్గం నేసిన చేతులు, పంట కోసిన చేతులు ఇవి. వాటికి పేర్లు పెట్టుకోవడమే మన పని.

కరణం తిట్టుగా రాసిన "మాదిగ" అన్న మాటనే 1994లో ఈదుముడి దండోరా తర్వాత వేలమంది తమ పేరు చివర సంతకంగా చేసుకున్నారు. తిట్టుని పేరుగా మార్చుకున్న జాతి, గాడుని తాతగా రాసుకోలేదా?

మా వాడ పుస్తకం మొదలుపెట్టాం. మొదటి పేజీలో ఇట్లా రాశాం: "యఱ్ఱ పోలయ్య. పోలిగాడు అన్నా, పౌలు అన్నా ఈయనే." కింద ముగ్గురు ముసలాళ్ళ వేలిముద్రలున్నాయి. గుమాస్తా అడిగిన రుజువు ఇదే. ఒప్పుకునేదాకా పట్టుకు తిరుగుతాం.

జై భీమ్!